చిన్ననాటి గాయం చెప్పుకునే చోటేది?

నగర కేంద్ర గ్రంథాలయం తలుపులు తెరిచే వేళకు చిక్కడపల్లిలో సందడి మొదలవుతుంది. అశోక్‌నగర్ గల్లీల్లోని హాస్టళ్ల నుంచి పుస్తకాల సంచీ, నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా పట్టుకుని యువతీ యువకులు వస్తుంటారు. గ్రూప్స్‌కు చదివేవారు కొందరు, పోలీసు ఉద్యోగానికి చదివేవారు కొందరు, డీఎస్సీ కోసం ఎదురుచూసేవారు మరికొందరు. నారాయణగూడ వైపు నడిస్తే కళాశాలలు, ఆడపిల్లల హాస్టళ్లు. జిల్లాల నుంచి వచ్చి ఒక్కో గదిలో ముగ్గురు నలుగురు సర్దుకుని ఉంటున్న ఈ పిల్లల్లో మన ఇళ్ల బిడ్డలూ ఉన్నారు.

వీరిలో ఎవరైనా ప్రాణం తీసుకోబోయారని వార్త వస్తే మనమంతా ఒక కారణం వెతుకుతాం. పరీక్ష తప్పిందంటాం, నోటిఫికేషన్ వాయిదా పడిందంటాం, ఏదో ప్రేమ వ్యవహారమంటాం. ఆ కారణాలు నిజమే కావచ్చు. కానీ కొందరి విషయంలో అవి చివరి దెబ్బలు మాత్రమే. మొదటి దెబ్బ పదేళ్ల కిందటో పదిహేనేళ్ల కిందటో, ఏడెనిమిదేళ్ల వయసులో, చాలాసార్లు సొంత ఇంట్లోనే తగిలి ఉంటుంది. చిన్నతనంలో లైంగిక అఘాయిత్యానికి గురైన వారిలో పెద్దయ్యాక ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు మిగతావారికంటే ఎక్కువగా ఉంటాయని వైద్య పరిశోధనలు దశాబ్దాలుగా చెబుతున్నాయి. మన ఇళ్లలో ఎవరూ నోరు విప్పని ఈ విషయాన్ని ఈ శుక్రవారం పాఠకుల ముందు ఉంచుతున్నాము.

అమ్మీ ఫోను

ఒక ఉదాహరణ చెప్పుకుందాం. ఇది ఎవరో ఒకరి కథ కాదు, విషయం అర్థం కావడానికి మేము అల్లి చెబుతున్నది.

అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్-2కు చదువుతున్న అమ్మాయి. వయసు ఇరవై నాలుగు. రంజాన్ చివరి వారంలో ఇంటి నుంచి ఫోను వస్తుంది. "బేటా, ఈద్‌కు ఎప్పుడు బయల్దేరుతున్నావు? ఈసారి మామూ వాళ్లు కూడా మన ఇంటికే వస్తున్నారు" అని తల్లి సంతోషంగా చెబుతుంది. "పరీక్ష దగ్గరకొచ్చింది అమ్మీ, ఈసారి రాలేను" అంటుంది అమ్మాయి. ఎంత కష్టపడి చదువుతోందో అని తల్లి మురిసిపోతుంది.

అమ్మాయి రాననడానికి కారణం పరీక్ష కాదు. ఎనిమిదేళ్ల వయసులో ఆ మామూ తనతో ఎలా ప్రవర్తించాడో ఆమెకు గుర్తుంది. అప్పుడే తల్లికి ఏదో చెప్పబోయింది. "ఛీ, పెద్దవాళ్ల గురించి అలా మాట్లాడతారా? మీ అబ్బాకు తెలిస్తే ఇల్లు నిలుస్తుందా?" అన్న జవాబూ గుర్తుంది. ఆ తర్వాత ఆమె ఎవరికీ చెప్పలేదు. ప్రతి ఈద్‌కూ అతనికి సలాం చేసింది, అతనిచ్చిన ఈదీ తీసుకుంది. ఇప్పుడు ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. నిఖా మాట వచ్చినప్పుడల్లా ఆమెకు రాత్రుళ్లు నిద్ర ఉండదు. తాను చెడిపోయినదాన్నని, ఎవరికీ పనికిరానని మనసు చెబుతుంటుంది. ఈ పరిస్థితిలో ప్రిలిమ్స్ ఫలితం వచ్చి అందులో తన నంబరు లేకపోతే ఏమవుతుంది?

గదిలో తోడున్న అమ్మాయి కూడా అదే పరీక్ష తప్పింది. రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు మళ్లీ పుస్తకం పట్టింది. ఈ అమ్మాయి పట్టలేకపోయింది. ఇద్దరికీ పరీక్ష ఒకటే, కానీ ఇద్దరూ మోస్తున్న బరువు ఒకటి కాదు.

పరిశోధనలు ఏమంటున్నాయి?

అమెరికాలోని శాన్ డియాగోలో 17,000 మందికి పైగా పెద్దవారిని వారి బాల్యం గురించి అడిగి ఒక పెద్ద అధ్యయనం చేశారు. పసితనంలో లైంగిక అఘాయిత్యానికి గురయ్యామని స్త్రీలలో నూటికి 25 మంది, పురుషులలో నూటికి 16 మంది చెప్పారు. అలా చెప్పినవారిలో ఆత్మహత్యా ప్రయత్నాలు మిగతావారికంటే రెట్టింపునకు పైగా కనిపించాయని 2005లో ప్రకటించారు. స్త్రీలలో ఎంతో పురుషులలోనూ అంతే.

న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో 1977లో పుట్టిన 1,265 మంది పిల్లలను పుట్టుక నుంచి ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. ఇంటి పేదరికం, తల్లిదండ్రుల తగాదాలు వంటివి లెక్కలోంచి తీసేసి చూసినా, తీవ్రమైన లైంగిక దాడికి గురైన పిల్లల్లో కుంగుబాటు, ఆత్మహత్యా ప్రయత్నాలు ఎక్కువగానే తేలాయి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 1964 నుంచి 1995 వరకు వైద్య పరీక్షకు వచ్చిన 2,759 మంది బాధిత పిల్లల వివరాలను తర్వాతి కాలపు మరణాల రికార్డులతో పోల్చారు. సాధారణ జనంతో పోలిస్తే వారిలో ఆత్మహత్య మరణాల రేటు సుమారు 18 రెట్లు ఉన్నట్టు 2010లో వెల్లడైంది.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. ఈ అంకెలు చూసి, బాధితులందరూ ఆ దారినే పోతారని ఎవరూ అనుకోరాదు. సాధారణ జనంలో ఆ రేటు చాలా తక్కువ. అందువల్ల అది ఎన్ని రెట్లయినా, బాధితుల్లో అత్యధికులు బతికారు, చదువుకున్నారు, కాపురాలు చేసుకున్నారు. ప్రమాదం ఎక్కువ అంటే జాగ్రత్త ఎక్కువ కావాలని మాత్రమే అర్థం. ఇది చదువుతున్న వారిలో ఆ బాధ పడినవారెవరైనా ఉంటే వారు ఈ మాటను ముఖ్యంగా గుర్తుంచుకోవాలని మా మనవి.

మన దేశం సంగతి

ఇదంతా పాశ్చాత్య దేశాల గొడవ అనుకునేవారికి 2007 నాటి మన కేంద్ర ప్రభుత్వ నివేదిక సమాధానం. మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగి తయారుచేసిన నివేదిక అది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపును ఎదుర్కొన్నామని వారిలో 53 శాతం మంది చెప్పారు. ఎక్కువగా నమోదైన నాలుగు రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మిగతా మూడు అస్సాం, బీహార్, ఢిల్లీ. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారు, నమ్మకస్తులు. పిల్లల్లో ఎక్కువమంది ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ నివేదికలో చాలామంది గమనించని అంశం మరొకటి ఉంది. వేధింపులకు గురైనవారిలో మగపిల్లలు సగానికి పైనే. ఆడపిల్లను కనిపెట్టుకుని ఉండే మనం మగపిల్లవాడిని ఏ ఇంట పడుకున్నా పట్టించుకోము. వాడికి జరిగితే "మగాడివి, ఏడుస్తావేంటి" అని నవ్వుతాము. తర్వాత ఆ కుర్రవాడు మత్తుకు అలవాటు పడితే, చీటికీ మాటికీ కోపం తెచ్చుకుంటే, చదువు మానేసి గదిలో పడుకుంటే సావాసం చెడిందంటాము. ఆ ప్రవర్తన వెనుక ఒక గాయం ఉండవచ్చన్న ఆలోచనే మనకు రాదు.

గాయం ఇంతకాలం ఎందుకు మానదు?

ఎప్పుడో జరిగింది, మరిచిపోవచ్చు కదా అని కొందరు పెద్దలు అడుగుతారు. చెయ్యి విరిగిన పిల్లవాడిని ఇల్లంతా చుట్టుముడుతుంది, కట్టు కట్టిస్తుంది, పది రోజులు పాలు పండ్లు ఇస్తుంది. ఈ గాయం తగిలిన పిల్లకు అవేవీ దొరకవు. పైగా గాయం చేసినవాడు ఇంటికి వస్తూపోతూ, మర్యాదలు అందుకుంటూ ఉంటాడు.

పసిమనసు అప్పుడు ఒక లెక్క వేసుకుంటుంది. పెద్దవాళ్లు మంచివాళ్లు, నాకు చెడు జరిగింది, కాబట్టి నాలోనే ఏదో చెడు ఉంది అనుకుంటుంది. ఈ తప్పుడు లెక్క దిద్దేవారు లేకపోతే అది పిల్లతోపాటు పెరుగుతుంది. శరీరం కూడా మరిచిపోదు. ఒక వాసన, ఒక గొంతు, తలుపు గడియ చప్పుడు చాలు, గుండె దడదడలాడుతుంది. నిద్ర పోతుంది. ఎవరినీ నమ్మబుద్ధి కాదు. తననుతాను అసహ్యించుకోవడం, కుంగుబాటు, ఒంటరితనం, కొందరిలో మత్తు అలవాటు ఒకదాని వెంట ఒకటి చేరతాయి. ఇంక ఈ బాధ తీరే మార్గమే లేదనిపించినప్పుడు చావు ఒక దారిలా కనిపిస్తుంది. అలాంటి మనిషికి చావాలనే కోరికకంటే బాధ ఆగాలనే కోరికే ఎక్కువగా ఉంటుందని మనోవైద్యులు చెబుతారు. ఆ బాధను తగ్గించే మార్గం చూపితే ప్రాణం నిలుస్తుంది.

ఇందుకు మన నగరంలోనే తెలిసిన సాక్ష్యం ఒకటుంది. 1996లో హైదరాబాద్‌లో ప్రజ్వల సంస్థను స్థాపించిన సునీతా కృష్ణన్ తన 15వ ఏట సామూహిక అత్యాచారానికి గురయ్యారు. ఆ విషయం ఆమే బహిరంగంగా చెప్పారు. దాడి తర్వాత రెండేళ్లపాటు చుట్టూ ఉన్న సమాజం తనను వెలివేసినట్టు, మచ్చపడిన మనిషిలా చూసినట్టు 2009లో మైసూరులో జరిగిన ఒక సభలో వివరించారు. తప్పు చేసినవారు దర్జాగా తిరుగుతుంటే, బాధపడిన పిల్లే తల దించుకోవలసి రావడం మన సమాజం తీరు. ఆమె తన కోపాన్ని ఇతరులను కాపాడే పనికి మళ్లించారు. వ్యభిచార కూపాల నుంచి వేలాది మందిని బయటకు తెచ్చిన ఆమెకు 2016లో పద్మశ్రీ లభించింది. అందరూ సునీతా కృష్ణన్‌లు కానక్కరలేదు. బాధపడిన పిల్లలు మామూలుగా బతకగలిగితే చాలు. అందుకు వారిని వెలివేయకుండా ఉండటం మన చేతిలోని పని.

ఇజ్జత్ ఎవరిది?

మన ఇళ్లలో ఈ మాట బయటకు రాకపోవడానికి పెద్ద కారణం ఇజ్జత్ భయం. ఖాందాన్ పరువు పోతుంది, చెల్లెళ్లకు సంబంధాలు రావు, అన్నదమ్ముల మధ్య రాకపోకలు తెగిపోతాయి అని పెద్దలు లెక్కలు వేస్తారు. ఈ లెక్కల్లో ఒక్క పిల్ల మాత్రం కనిపించదు. పరువు పోవలసింది తప్పు చేసినవాడిది. తప్పు చేసినవాడి పరువు కాపాడటానికి పిల్ల నోరు మూయించడం ఏ న్యాయం కిందికి వస్తుంది?

బాధలో ఉన్నవారు చావాలనిపిస్తోందని అంటే వెంటనే "ఖుద్‌కుషీ హరామ్" అని గద్దించడం కూడా మన అలవాటు. ఆత్మహత్యను ధర్మం నిషేధించిన మాట వాస్తవం. అయితే దివ్య ఖుర్‌ఆన్‌లోని అన్‌నిసా సూరా 29వ ఆయత్ ఆత్మహననాన్ని వారించిన చోటనే అల్లాహ్ కారుణ్యాన్ని గుర్తుచేస్తుంది. మనం నిషేధాన్ని మాత్రం వినిపించి కారుణ్యాన్ని మరిచిపోతున్నాము. గద్దింపు విన్న మనిషి తన ఆలోచన మానుకోడు, దాన్ని ఎవరికీ చెప్పడం మానుకుంటాడు. మనం నిజంగా భయపడవలసింది ఆ మౌనానికే.

పిల్లలకు ఒంటి మర్యాద నేర్పడం మన ధర్మానికి కొత్త కాదు. అన్‌నూర్ సూరా 58వ ఆయత్ మూడు వేళల్లో పిల్లలు కూడా అనుమతి అడిగి గదిలోకి రావాలని నియమం పెట్టింది. పదేళ్లు వచ్చేసరికి పిల్లల పడకలు వేరుచేయాలని హదీసు చెబుతోంది. ఈ నియమాల వెంబడే నాలుగేళ్ల పిల్లకు కూడా చెప్పవచ్చు: నీ ఒళ్లు నీది. డాక్టరమ్మ చూసినా అమ్మీ పక్కన ఉండాలి. ఎవరైనా చెయ్యి వేసి ఎవరికీ చెప్పవద్దంటే, అదే ముందుగా వచ్చి చెప్పవలసిన మాట. అతను మామూ అయినా, చాచా అయినా, ట్యూషన్ సారైనా, ఉస్తాద్ అయినా సరే. జుమా ఖుత్బాలో ఇమాములు ఏడాదికి రెండు మూడుసార్లయినా ఈ విషయం ప్రస్తావిస్తే ఎన్నో ఇళ్లలో తల్లిదండ్రులకు నోరు విప్పే ధైర్యం వస్తుంది.

పిల్ల చెప్పినప్పుడు

ఎన్నో ఏళ్ల తర్వాత ఏమవుతుందన్నది చాలావరకు మొదట విన్న మనిషి ఏమన్నారన్న దానిమీద ఆధారపడుతుంది. కనుక ప్రతి తల్లీ తండ్రీ నాలుగు మాటలు గుర్తుపెట్టుకోవాలి. "నువ్వు చెప్పింది నమ్ముతున్నాను. ఇందులో నీ తప్పేమీ లేదు. చెప్పి మంచి పని చేశావు. ఇకనుంచి నిన్ను కాపాడటం మా బాధ్యత." ఎందుకు ముందే చెప్పలేదని నిలదీయవద్దు. పదే పదే వివరాలు అడిగి హింసించవద్దు. ఆ మనిషిని ఇంటికి రానివ్వవద్దు. పండగ పేరుతో అతనికి సలాం చేయమని బలవంతపెట్టవద్దు.

పెళ్లీడు వచ్చిన బిడ్డ ఇరవయ్యేళ్ల కిందటి సంగతి ఇప్పుడు చెప్పినా ఇవే మాటలు వర్తిస్తాయి. అప్పట్లో నోరు మూయించిన తల్లే ఇవాళ "ఆరోజు నీ మాట వినలేదు, ఇప్పుడు వింటాను" అంటే ఆ బిడ్డకు అది పెద్ద మందు.

హాస్టల్లో ఉన్న స్నేహితులు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. నిద్ర, తిండి మానేయడం, తన వస్తువులు పంచిపెట్టడం, నేను లేకపోతే అందరికీ హాయి అనడం, ఎన్నో రోజులు కుంగిపోయి ఒక్కసారిగా నెమ్మదించడం వంటివి కనిపిస్తే ఊరుకోరాదు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం అక్కరలేదు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదని, అడిగినందుకు మనిషి తేలికపడతాడని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అవునంటే ఒంటరిగా వదలకుండా, ప్రమాదకరమైన మందులు, వస్తువులు దగ్గర లేకుండా చూసి, డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాలి.

సాయం ఎక్కడ దొరుకుతుంది?

2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. సికింద్రాబాద్‌లోని రోష్నీ సంస్థ మనోవేదనలో ఉన్నవారి మాట పేరు అడగకుండా వింటుంది. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో వైద్యం ఉంది. కుంగుబాటుకు మందులు ఉన్నాయి, పాత గాయానికి మాటల ద్వారా చేసే చికిత్స ఉంది. నమాజు, దువా మనసుకు బలమిస్తాయి. జ్వరానికి దువాతోపాటు మందు వేసుకున్నట్టే దీనికీ వైద్యం చేయించాలి.

పిల్లల విషయంలో 1098కి, తక్షణ ప్రమాదం ఉంటే 112కు ఫోను చేయాలి. 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం ప్రకారం, పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేసి తీరాలి. తెలిసీ దాచితే ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు. పిల్లను స్టేషన్ చుట్టూ తిప్పవలసిన పనిలేదు. ఇంట్లోనే, యూనిఫాం లేకుండా వచ్చిన అధికారి, వీలైనంత వరకు మహిళా అధికారి వాంగ్మూలం తీసుకోవాలని ఆ చట్టమే చెబుతోంది. పిల్ల పేరు, ఊరు, ఫోటో పత్రికల్లో రాకూడదు. హైదరాబాద్‌లో 2016లో ఏర్పాటైన భరోసా కేంద్రంలో పోలీసు, వైద్య, న్యాయ సహాయం, కౌన్సెలింగ్ ఒకే చోట అందుతాయి. చట్టం వచ్చిన తర్వాత జరిగిన నేరంపై, బాధితులు పెద్దవారయ్యాక కూడా ఫిర్యాదు చేయవచ్చు.

ఆత్మహత్యా ప్రయత్నం చేసినవారిని కేసు భయంతో ఆస్పత్రికి తీసుకువెళ్లకుండా దాచే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. 2018 మే నుంచి అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలాంటివారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, వారికి ప్రభుత్వం చికిత్స, సంరక్షణ అందించాలని చెబుతోంది. ఆత్మహత్యా ప్రయత్నాన్ని శిక్షించే పాత 309 సెక్షన్‌ను 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో కొనసాగించలేదు. ఒకసారి ప్రయత్నించినవారిని సిగ్గుతో దాచిపెడితే రెండోసారికి దారి వదిలినట్టే. వెంటనే వైద్యం అందించాలి.

పాఠక సోదర సోదరీమణులారా! పిల్లలకు ఫోను చేసినప్పుడు మనం అడిగేవి మూడే ప్రశ్నలు. తిన్నావా, చదువుతున్నావా, డబ్బులున్నాయా. నాలుగోదిగా "నీ మనసు ఎలా ఉంది బేటా?" అని కూడా అడుగుదాం. మొదటిసారి ఏమీ లేదంటారు, రెండోసారీ అంతే అంటారు. అడుగుతూనే ఉందాం. ఏదో ఒక రోజు జవాబు వస్తుంది. ఆ రోజు ఎంత చేదు మాట విన్నా, ఎవరి పేరు విన్నా, వారి పక్షాన నిలబడటానికి ఇవాళే మనసు సిద్ధం చేసుకోవాలి.